ఉప్పల్ – నాచారం ప్రాంతంలో గృహోపకరణాల ఎంపిక, మరమ్మతు: చారిత్రక పరిశీలన

వ్యాససంగ్రహం:
హైదరాబాదు తూర్పు భాగంలోని ఉప్పల్, నాచారం, మల్లాపూర్, చర్లపల్లి ప్రాంతాలు ఇరవయ్యో శతాబ్ది ఉత్తరార్ధంలో పారిశ్రామిక వాడలుగా రూపొందాయి. రేడియో, టీవీ, ఫ్రిజ్ వంటి ఉపకరణాలు ఇళ్లలోకి చేరిన కాలమూ ఇదే. ఈ రెండు పరిణామాల మధ్య గల సంబంధాన్ని, వస్తువును ఎంచుకోవడంలోనూ బాగు చేయించడంలోనూ వచ్చిన మార్పులను, ఆ వృత్తిలో స్థిరపడిన పదజాలాన్ని ఈ వ్యాసం పరిశీలిస్తుంది.

కీలక పదాలు: గృహోపకరణాలు, మరమ్మతు, ఉప్పల్, నాచారం, ఈసీఐఎల్, ఆల్విన్, వృత్తి పదజాలం.

ఉపోద్ఘాతం

గృహోపకరణం చెడిపోయినప్పుడు కుటుంబంలో తలెత్తే ప్రశ్న ఒక్కటే: బాగు చేయించాలా, కొత్తది కొనాలా? ఇది ఇంటి ఖర్చుకు సంబంధించిన చిన్న విషయంగా కనిపిస్తుంది. కానీ దీనికి వచ్చే సమాధానం ప్రతి తరంలోనూ మారుతూ వచ్చింది. 1970లలో ఒక టీవీ పెట్టె కొన్న కుటుంబం దానిని పారవేయడం గురించి ఆలోచించే అవకాశమే లేదు. నేడు అదే కుటుంబంలోని మూడో తరం, వాషింగ్ మెషీన్ బోర్డు పోయిందని మెకానిక్ చెప్పగానే కొత్త మెషీన్ ధర విచారిస్తుంది. ఈ మార్పు మనుషుల స్వభావంలో వచ్చినది కాదు. వస్తువు నిర్మాణంలో, విడిభాగాల లభ్యతలో, నేర్పరుల శిక్షణలో వచ్చిన మార్పు ఇది. దీనిని పరిశీలించడానికి తూర్పు హైదరాబాదు మంచి క్షేత్రం. వస్తువు తయారైన చోటూ, పని నేర్పిన చోటూ, వాడిన ఇల్లూ ఇక్కడ కొద్ది కిలోమీటర్ల వ్యవధిలోనే ఉన్నాయి.

పారిశ్రామిక వాడ, శిక్షణ కేంద్రం

సనత్‌నగర్, బాలానగర్, ఆజామాబాద్ పారిశ్రామిక వాడలు నగరానికి మధ్య, పశ్చిమ భాగాల్లో వెలిస్తే, తూర్పున ఆ పాత్రను నాచారం, ఉప్పల్, మల్లాపూర్, చర్లపల్లి వహించాయి. 1973లో ఏర్పడిన ఆంధ్రప్రదేశ్ పారిశ్రామిక మౌలిక సదుపాయాల సంస్థ పరిధిలో ఇవి ‘ఐడీఏ’లుగా ప్రసిద్ధికెక్కాయి. ఐడీఏ నాచారం, ఐడీఏ ఉప్పల్ అన్న పేర్లు చిరునామాల్లో, బస్సు బోర్డుల మీద నిలిచిపోయాయి. కార్మికుల కోసం నాచారంలో ఈఎస్ఐ ఆసుపత్రి వచ్చింది. వరంగల్ రహదారికి ఇరువైపులా ఉద్యోగుల, కార్మికుల కాలనీలు పెరిగాయి. ఉప్పల్ కలాన్, కాప్రా పురపాలికలు 2007లో బృహత్ హైదరాబాదు నగరపాలక సంస్థలో విలీనమయ్యే నాటికి ఈ ప్రాంతం నగరంలో పూర్తిగా కలిసిపోయింది.

ఉపకరణాల చరిత్రకు సంబంధించినంతవరకు ఈ దిక్కున జరిగిన ముఖ్య పరిణామం 1967 ఏప్రిల్‌లో ఎలక్ట్రానిక్స్ కార్పొరేషన్ ఆఫ్ ఇండియా లిమిటెడ్, అంటే ఈసీఐఎల్ స్థాపన. అణుశక్తి శాఖ కింద మొదలైన ఈ సంస్థను తీర్చిదిద్దినవారు పశ్చిమ గోదావరి జిల్లా మోగల్లులో 1914లో జన్మించిన అయ్యగారి సాంబశివరావు. ఉద్యోగుల కాలనీగా వెలసిన ఏ.ఎస్.రావు నగర్ ఆయన పేరుతోనే ఉంది. అణు రియాక్టర్ల నియంత్రణ పరికరాలు తయారుచేసిన సంస్థే సామాన్యుల ఇంటికి ‘ఈసీ టీవీ’ని అందించింది. కేవలం దిగుమతి భాగాలను బిగించి అమ్మడం కాక, స్వదేశీ పరిజ్ఞానంతో రూపొందించిన టీవీగా దానికి గుర్తింపు వచ్చింది.

ఈసీఐఎల్ టీవీలకు సంబంధించి ‘సైట్’ ప్రయోగాన్ని ప్రస్తావించవలసి ఉంది. 1975 ఆగస్టు 1 నుంచి 1976 జూలై 31 వరకు ఆరు రాష్ట్రాల్లోని సుమారు 2,400 గ్రామాలకు ఉపగ్రహం ద్వారా టీవీ కార్యక్రమాలు అందాయి. ఆంధ్రప్రదేశ్ ఆ రాష్ట్రాల్లో ఒకటి. ఒకే చిత్రానికి తెలుగు, కన్నడ శబ్దాలను వేర్వేరుగా జోడించి రెండు రాష్ట్రాలకు ప్రసారం చేశారు. గ్రామాల్లో నిలిపిన గ్రాహక యంత్రాలను తయారుచేసింది ఈసీఐఎల్. కోళ్ల గూళ్లకు వాడే ఇనుప జాలీతో చేసిన పది అడుగుల యాంటెన్నా, బడి గదిలోనో పంచాయతీ భవనంలోనో ఒక టీవీ పెట్టె. వేసవి ఎండకూ దుమ్ముకూ హెచ్చుతగ్గుల కరెంటుకూ ఇవి తట్టుకోవాలి. చెడిపోతే వెళ్లి బాగు చేసే సిబ్బందిని, కేంద్రాలను ముందే ఏర్పాటు చేసుకోకపోతే ప్రయోగమే ఆగిపోయేది. మరమ్మతును అమ్మకం తర్వాతి విషయంగా కాక, వస్తువు రూపకల్పనలోనే భాగంగా చూసిన సందర్భం ఇది. తరువాతి కాలపు ఉత్పత్తిదారుల్లో ఈ దృష్టి ఎంతమందికి ఉందన్నది వేరే ప్రశ్న.

1977 అక్టోబరు 23న హైదరాబాదు దూరదర్శన్ ప్రసారాలు మొదలయ్యాయి. ఆ కేంద్రం నేడు ఉప్పల్‌కు ఆనుకుని ఉన్న రామంతాపూర్‌లో ఉంది. అదే రామంతాపూర్‌లో 1974లో ఎలక్ట్రానిక్స్, ప్రాసెస్ ఇన్‌స్ట్రుమెంటేషన్ రంగాల ఉన్నత శిక్షణ సంస్థ ఏర్పడింది. ఐటీఐలలో పాఠం చెప్పే బోధకులకు శిక్షణ ఇవ్వడం దాని ప్రధాన బాధ్యతల్లో ఒకటి. కనుక ‘మెకానిక్ రేడియో అండ్ టీవీ’, ‘ఎలక్ట్రీషియన్’, ‘మెకానిక్ రిఫ్రిజిరేషన్ అండ్ ఎయిర్ కండిషనింగ్’ వంటి కోర్సుల నుంచి బయటికి వచ్చిన యువకుడు దుకాణం తెరవడానికి ఈ పరిసరాలు అన్ని విధాలా అనువైనవి. విడిభాగాల కోసం మాత్రం అతడు కోఠి గుజరాతీ గల్లీకో ట్రూప్ బజారుకో వెళ్లక తప్పదు. ఉత్పత్తి తూర్పున, విడిభాగాల అంగడి పాత నగరం అంచున అన్న ఈ విభజన నేటికీ పూర్తిగా చెరగలేదు.

ఆల్విన్ ఫ్రిజ్, మారిన వాయువు

ఫ్రిజ్ విషయంలో హైదరాబాదుకు సొంత చరిత్ర ఉంది. 1942లో నిజాం ప్రభుత్వ పారిశ్రామిక నిధి, అల్లాదీన్ సంస్థల భాగస్వామ్యంతో మొదలైన ఆల్విన్ మెటల్ వర్క్స్ క్రమంగా హైదరాబాద్ ఆల్విన్‌గా మారి, సనత్‌నగర్ కర్మాగారం నుంచి బస్సుల బాడీలనూ ఫ్రిజ్‌లనూ అందించింది. 1990లలో దాని ఫ్రిజ్ విభాగం వోల్టాస్‌కు బదిలీ అయింది. నగరంలో తయారైన వస్తువు కావడం వల్ల దాని లోపలి నిర్మాణం తెలిసిన పనివారు నగరంలోనే ఉండేవారు. ఆనాటి ఫ్రిజ్‌లో వేడిని బయటికి వదిలే నల్లని జాలీ వెనుక వైపు బహిరంగంగా కనిపించేది. గొట్టానికి రంధ్రం పడితే కంటితో చూడవచ్చు, వెల్డింగుతో పూడ్చవచ్చు. నేటి ఫ్రిజ్‌లలో అధిక భాగం ఆ గొట్టాన్ని పక్క గోడల లోపల దాచుకున్నాయి. గోడలు వెచ్చగా ఉన్నాయని కంగారుపడే వినియోగదారులు చాలామంది. అది లోపం కాదు, ఆ నిర్మాణానికి సహజం. కానీ లోపలి గొట్టం కారితే తెరిచి పూడ్చడం సాధ్యపడదు. అనుభవం ఉన్న మెకానిక్ ఆ దారిని మూసేసి వెనుక వైపు కొత్త కాయిల్ బిగిస్తాడు. అంటే పాత ఆల్విన్ రూపాన్నే మళ్లీ తెచ్చిపెడతాడు.

ఇంతకన్నా లోతైన మార్పు వాయువుది. పాత ఫ్రిజ్‌లలో ఆర్-12 అనే క్లోరోఫ్లోరోకార్బన్ ఉండేది. ఓజోన్ పొరకు హాని చేస్తుందన్న కారణంగా 1987 నాటి మాంట్రియల్ ఒప్పందం దీనిని నియంత్రించింది. భారతదేశం 1992లో ఆ ఒప్పందంలో చేరి, 2010 జనవరి 1 నాటికి ఈ వర్గపు వాయువుల వాడకాన్ని నిలిపివేయడానికి కట్టుబడింది. దాని స్థానంలో ముందు ఆర్-134ఏ, తరువాత ఆర్-600ఏ వచ్చాయి. మెకానిక్ దృష్టిలో ఇవి మూడు వేర్వేరు విద్యలు. ఆర్-12తో పనిచేసే కంప్రెసర్‌లో ఖనిజ నూనె ఉంటుంది, ఆర్-134ఏకి ఆ నూనె పనికిరాదు. ఆర్-600ఏ అంటే ఐసోబ్యూటేన్, వంటగ్యాస్ జాతికి చెందిన మండే వాయువు. నింపవలసిన పరిమాణం పాతదానిలో సగానికన్నా తక్కువ, కొన్ని పదుల గ్రాములు మాత్రమే. ‘అందాజా’గా నింపే పాత అలవాటు ఇక్కడ చెల్లదు, తూకం వేసే యంత్రం కావాలి. వాయువు ఉన్న గొట్టం దగ్గర మంట పెట్టి అతకడం ప్రమాదకరం. అందుకే నొక్కి బిగించే జాయింట్లు వచ్చాయి. సీఎఫ్‌సీల తొలగింపు జాతీయ పథకం కింద మెకానిక్‌లకు ఇచ్చిన శిక్షణకు ఈ కారణం వల్ల ఎంతో ప్రాముఖ్యం ఉంది. తరాలుగా చూసి నేర్చుకునే వృత్తిలోకి తూకమూ, వాక్యూమ్ పంపూ ప్రవేశించాయి.

కనుక ఫ్రిజ్ బాగు చేయించేటప్పుడు గృహస్థులు అడగవలసిన మొదటి ప్రశ్న ధర కాదు. వెనుక పలక మీద రాసి ఉన్న వాయువు పేరేమిటి, మెకానిక్ నింపబోయేది అదేనా, వాక్యూమ్ చేసి, తూచి నింపుతాడా అన్నది ముందు తేలాలి. మరొక విషయం. ‘కంప్రెసర్ పోయింది’ అన్న తీర్పు వినగానే కొత్త ఫ్రిజ్ కొనడం తొందరపాటు. కొన్ని నిమిషాలకొకసారి ‘టక్’మని చప్పుడు చేసి ఆగిపోయే ఫ్రిజ్‌లో దోషం రిలేదో, ఓవర్‌లోడ్‌దో, అసలు ఇంటి వోల్టేజిదో కావచ్చు. ఈ మూడింటినీ చూడకుండా కంప్రెసర్ మార్చమనే మెకానిక్ కన్నా, చూసి చెప్పే మెకానిక్ ఎక్కువ కూలి అడిగినా మేలే. తలుపు చుట్టూ ఉండే గాస్కెట్ పరీక్ష మరీ సులభం. తలుపు సందులో కాగితం పెట్టి మూసి లాగితే బిగువుగా రావాలి, జారివస్తే గాస్కెట్ వదులైందని అర్థం.

వోల్టేజి, ఎర్తు, కూలర్

వోల్టేజి తగ్గితే దీపం మసకబారుతుంది, ఫ్యాన్ నెమ్మదిస్తుంది. కంప్రెసర్ మోటారు మాత్రం నెమ్మదించి ఊరుకోదు. ఎక్కువ ప్రవాహాన్ని తీసుకొని వైండింగును వేడెక్కిస్తుంది. 1980ల మధ్యతరగతి ఇళ్లలో టీవీ పక్కన, ఫ్రిజ్ మీద స్టెబిలైజర్ తప్పనిసరి వస్తువు కావడానికి కారణం ఇదే. కరెంటు పోయి వెంటనే వచ్చినప్పుడు ఫ్రిజ్‌ను మూడు నిమిషాలైనా ఆగనివ్వాలన్న జాగ్రత్త కూడా ఆ కాలం నాటిదే. నేటి ఫ్రిజ్‌లలో కొన్నిటికి విస్తృత వోల్టేజి పరిధి లోపలే ఉంది. అటువంటి వాటికి స్టెబిలైజర్ అంటగట్టడం అనవసరం. కొనేముందు ఆ పరిధి ఎంతో పలక మీద చదువుకుంటే సరిపోతుంది.

ఎర్తు విషయంలో మాత్రం నిర్లక్ష్యానికి చోటు లేదు. ఈ ప్రాంతంలో ప్రతి వేసవిలో రేకుల పనివారు తయారుచేసే ఇనుప కూలర్లు రోడ్ల పక్కన వరుసగా దర్శనమిస్తాయి. రేకు డబ్బా, గడ్డి మ్యాట్లు, మోటారు, నీటిలో మునిగి ఉండే చిన్న పంపు, ఇంతే దాని నిర్మాణం. ఏ భాగం పోయినా ఆ భాగాన్నే మార్చుకోవచ్చు. మరమ్మతు దృష్టితో ఇంత ఉదారమైన యంత్రం మరొకటి లేదు. కానీ ఇనుము, నీరు, కరెంటు మూడూ ఒకే పెట్టెలో కలిసినప్పుడు పంపు తీగ పైతొడుగు దెబ్బతింటే డబ్బా మొత్తం ప్రాణాంతకమవుతుంది. మూడు పిన్నుల ప్లగ్గులో పొడవుగా, లావుగా ఉండే పిన్ను ఎర్తుకు చెందినది. సాకెట్టులో అది దూరడం లేదని విరిచేసినా, రెండు తీగలను నేరుగా దూర్చినా రక్షణ తొలగిపోయినట్లే. నీళ్లు పోసేముందు స్విచ్చి ఆపడమే కాదు, ప్లగ్గు తీసివేయాలి. ఇంటి మెయిన్ బోర్డులో 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ ఉంటే, లీకైన కరెంటును పసిగట్టి సరఫరాను తెంచేస్తుంది. కొత్త కూలర్ కొనే డబ్బులో కొంత దీనికి కేటాయించడం సమంజసం.

నీటి ప్రభావం

హైదరాబాదు గ్రానైట్ శిలల మీద నిలిచిన నగరం. బోరు నీటిలో లవణాలు ఎక్కువ. గీజర్ లోపలి ఎలిమెంటు మీద తెల్లని పొర కట్టడానికి, వాషింగ్ మెషీన్ ఇన్‌లెట్ జాలీ మూసుకుపోవడానికి మూలం ఇక్కడ ఉంది. పొర కట్టిన ఎలిమెంటు నీటిని ఆలస్యంగా వేడి చేస్తూ తాను కాలిపోతుంది. గీజర్ ట్యాంకులో మెగ్నీషియం కడ్డీ ఒకటి ఉంటుంది. తాను తినివేతకు గురై ట్యాంకును కాపాడటం దాని పని. బోరు నీరు వాడే ఇంట్లో ఏడాదికొకసారి దానిని తీసి చూడాలి. కడ్డీ అరిగిపోయాక కూడా మార్చకపోతే ట్యాంకు కారడం మొదలవుతుంది, అప్పుడు బాగు చేసేదేమీ ఉండదు. ఒక చిన్న కడ్డీ మార్చకపోవడం వల్ల పారవేసిన గీజర్లెన్నో గుజిరీ దుకాణాల్లో చూడవచ్చు.

ఎంపికకు ఆధారాలు

కొనుగోలుదారు దుకాణదారు మాటకు బదులు ముద్రను నమ్మే స్థితి క్రమంగా ఏర్పడింది. 1947లో నెలకొన్న భారతీయ ప్రమాణాల సంస్థ ఇచ్చే ఐఎస్ఐ ముద్ర భద్రతకు సంబంధించినది. ఇస్త్రీ పెట్టె, ఇమ్మర్షన్ రాడ్డు వంటి విద్యుత్ గృహోపకరణాల నాణ్యత నియంత్రణకు 1981లో కేంద్రం ప్రత్యేక ఉత్తర్వు తెచ్చింది. విద్యుత్ పొదుపును తెలిపే నక్షత్రాల పట్టీ 2006లో మొదలై, 2010లో ఏసీలకు, ఫ్రాస్ట్ ఫ్రీ ఫ్రిజ్‌లకు తప్పనిసరి అయింది. సీలింగ్ ఫ్యాన్లకు 2023 జనవరి నుంచి వర్తించింది. నక్షత్రాల కొలమానాన్ని కాలక్రమంలో కఠినం చేస్తూ వస్తున్నారు. అందువల్ల పాత నిల్వలోని అయిదు నక్షత్రాల వస్తువు, కొత్త కొలమానంలో అంతకు తక్కువ కావచ్చు. నక్షత్రాల సంఖ్య కన్నా పట్టీ మీద ఉన్న సంవత్సరాలను, ఏటా ఖర్చయ్యే యూనిట్లను చూడటం మేలు.

ఫ్యాన్ ఉదాహరణ ఈ చర్చకు కీలకమైనది. సాధారణ సీలింగ్ ఫ్యాన్ 75 వాట్లు తీసుకుంటుందనుకుంటే రోజుకు 12 గంటలకు 0.9 యూనిట్ ఖర్చవుతుంది. బీఎల్‌డీసీ ఫ్యాన్ 30 వాట్లకే తిరుగుతుంది, ఖర్చు 0.36 యూనిట్. నెలకు సుమారు 16 యూనిట్లు మిగులుతాయి. లెక్క నిర్వివాదం. అయితే పాత ఫ్యాన్‌లో పోయేవి మూడే: కెపాసిటర్, బేరింగు, వైండింగు. మొదటిది పోతే ఫ్యాన్ నెమ్మదిస్తుంది లేదా చేత్తో తిప్పితే గాని తిరగదు. 2.5 మైక్రోఫారడ్ల కొత్తది కొద్ది డబ్బుకు దొరుకుతుంది. వైండింగు కాలినా నాచారంలోనో ఉప్పల్‌లోనో చుట్టి ఇచ్చే దుకాణం ఉంటుంది. బీఎల్‌డీసీ ఫ్యాన్‌లో దీనికి తోడు ఎలక్ట్రానిక్ బోర్డు ఉంటుంది. అది ఆ కంపెనీదే, తరచుగా ఆ మోడల్‌దే అయి ఉండాలి. కనుక ఇటువంటి ఫ్యాన్ కొనేటప్పుడు వారంటీ ఎన్నేళ్లు అన్నదానితో పాటు, వారంటీ తరువాత బోర్డు విడిగా అమ్ముతారా, ఎంతకు అన్నది కూడా అడిగి రాయించుకోవాలి. రోజంతా తిరిగే గదికి ఈ ఫ్యాన్ లాభమే. ఏడాదికి నాలుగు రోజులు తిరిగే అతిథుల గదిలో పాత ఫ్యాన్‌ను తీసివేయడం వృథా. తక్కువ కరెంటు తీసుకునే వస్తువు అన్ని సందర్భాల్లోనూ పొదుపైన వస్తువన్న ప్రచారాన్ని యథాతథంగా ఆమోదించలేం.

వృత్తి పదజాలం

ఈ వృత్తి భాషను తెలుగు పరిశోధన ఇంకా తన పరిధిలోకి తగినంతగా తీసుకోలేదు. భద్రిరాజు కృష్ణమూర్తి సంపాదకత్వంలో వచ్చిన మాండలిక వృత్తి పదకోశాల్లో తొలి సంపుటం వ్యవసాయానికి (1962), రెండోది చేనేతకు (1971) చెందినవి. ఆ పరంపర సంప్రదాయ వృత్తులపై దృష్టి నిలిపింది. అది సహజం కూడా. కానీ చేనేత సంపుటం వెలువడేనాటికే ఈసీఐఎల్ పరిసరాల్లో ఒక కొత్త వృత్తిభాష రూపుదిద్దుకుంటోంది.

‘మరమ్మతు’ అరబీ మూలం నుంచి ఉర్దూ ద్వారా వచ్చిన మాట. ‘మేస్త్రి’, ‘మిస్త్రీ’ రెండూ పోర్చుగీసు ‘మెస్త్రె’ నుంచి పుట్టినవి. ‘రిపేరు’, ‘మెకానిక్’ ఇంగ్లీషువి. ‘బాగుచేయడం’ మాత్రం దేశ్యమై, ఈ పరభాషా పదాల మధ్య తన చోటు కాపాడుకుంది. గృహిణి చెప్పే మాటలు లక్షణాలను తెలుపుతాయి: ‘కూలింగ్ వస్తలేదు’, ‘షాకు కొడుతోంది’, ‘కరెంటు బాగా గుంజుతోంది’. మెకానిక్ మాటలు భాగాలను తెలుపుతాయి: ‘గ్యాస్ ఒడిసింది’, ‘కాయిల్ మాడింది’, ‘బోర్డు చచ్చింది’. లక్షణం నుంచి భాగానికి జరిగే ఈ అనువాదమే నిజానికి రోగనిర్ణయం. ‘గుంజు’, ‘ఒడుచు’ వంటి తెలంగాణ క్రియలు యంత్రాలకు ఇంత సహజంగా అమరడం గమనార్హం. పాఠ్యపుస్తకంలోని ‘విద్యుత్ ప్రవాహం’, ‘నిరోధం’ ఈ దుకాణాల గడప తొక్కలేదు.

‘కండెన్సర్’ అన్న పదం ప్రత్యేకంగా చర్చించదగినది. ఫ్యాన్ మెకానిక్ నోట కండెన్సర్ అంటే విద్యుదావేశాన్ని నిలవచేసే కెపాసిటర్. ఇంగ్లీషులో ఈ అర్థం దాదాపు వాడుక తప్పింది, తెలుగు వృత్తిభాషలో సజీవంగా ఉంది. ఫ్రిజ్ మెకానిక్ నోట అదే పదం వేడిని వదిలే గొట్టాల జాలీకి పేరు. రెండు పనులూ చేసే దుకాణంలో ‘కండెన్సర్ పోయింది’ అన్న వాక్యానికి అర్థం ఎదుట ఉన్న యంత్రాన్ని బట్టి తేలుతుంది. బిల్లు మీద ఆ ఒక్క మాటే రాసి ఉంటే, ఏ భాగం మార్చారో గృహస్థులు అడిగి తెలుసుకోవలసిందే. కొద్ది ధరకు దొరికే భాగానికీ, వేలు పలికే పనికీ ఒకే పేరు ఉంది మరి.

చట్టం, పాత వస్తువు

1986 నాటి వినియోగదారుల రక్షణ చట్టం, దాని స్థానంలో 2020 జూలైలో అమలులోకి వచ్చిన 2019 చట్టం వస్తువులోని లోపానికీ, సేవలోని లోపానికీ పరిహారం కోరే మార్గం కల్పించాయి. రసీదు, వారంటీ కార్డు, మార్చిన పాత భాగం, ఈ మూడూ దాచుకున్నవారికే ఆ మార్గం సుగమం. 2012 మే నుంచి అమలైన ఈ-వ్యర్థాల నియమాలు పాత ఉపకరణాన్ని తిరిగి సేకరించే బాధ్యతను ఉత్పత్తిదారుపై ఉంచాయి. 2022 జూలైలో కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ ‘మరమ్మతు హక్కు’పై కమిటీని నియమించింది, అదే ఏడాది డిసెంబరులో పోర్టల్‌ను ప్రారంభించింది. సర్వీసు కేంద్రాలు, విడిభాగాల ధరలు, వారంటీ షరతులు ఒకచోట చేర్చడం దాని ఉద్దేశం. ఆచరణలో గుజరాతీ గల్లీలో దొరికే భాగం మీదనే చిన్న మెకానిక్ నేటికీ ఆధారపడుతున్నాడు. గల్లీలో దొరకని బోర్డు విషయంలో అతడికి మిగిలిన మార్గం, గుజిరీకి చేరిన అదే మోడల్ పాత యంత్రం నుంచి పనికొచ్చే భాగాన్ని విప్పి తేవడం.